తువ్వాలు ఓడెక్కింది

కుర్చీలు మనుషుల కోసం తయారవుతాయని మీరింకా నమ్ముతున్నారా? అయితే మీరు ఈమధ్య క్రూయిజ్ ఎక్కలేదన్నమాట!

కుర్చీ ఉన్నది తువ్వాలు కోసం. తువ్వాలు హాయిగా కూర్చుంటుంది. మనిషి కాస్త దూరంగా నిలబడి, దాన్ని ఎవరూ లేపకుండా చూసుకుంటాడు. మానవజాతి ఇంతకన్నా గొప్ప ఏర్పాటు ఇంతవరకూ చేసుకోలేదు. సాక్ష్యం కావాలా? తిరుపతి మునికృష్ణ ఉన్నాడు.

మునికృష్ణకు యాభై నాలుగేళ్ళు. ప్రభుత్వోద్యోగి. ఆఫీసులో ఆయన కుర్చీ మీద పదహారేళ్ళుగా ఒక టర్కీ తువ్వాలు డ్యూటీ చేస్తోంది. ఆయన టీకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, అలిపిరి మెట్లెక్కి కొండకు పోయి వచ్చినా తువ్వాలు మాత్రం సీట్లోనే ఉంటుంది. ఒక్కరోజు లీవు పెట్టి ఎరగదు. "సారుండారా?" అని ఎవరొచ్చి అడిగినా అటెండరు ఆ తువ్వాలు వైపు చూపించి "ఉండారు" అంటాడు.

ఇక బస్టాండులో ఆయన ప్రతిభ చూసి తీరాలి. బస్సు ప్లాట్‌ఫారం దగ్గర ఆగక ముందే, కదిలే కిటికీలోంచి ఆయన విసిరిన కర్చీఫ్ వెళ్ళి మూడో వరస కిటికీ సీట్లో చతికిలబడుతుంది. ఒలింపిక్స్‌లో ఈ పోటీ ఎందుకు పెట్టరో! పెడితే మనవాళ్ళు మెడల్ ఇచ్చే స్టాండు మీద కూడా ముందురోజే కర్చీఫ్ వేసొస్తారని భయం కాబోలు.

అలాంటి మనిషి ఓడెక్కాడు. సరదాకి కాదండీ, వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ కోసం.

ఐరాల పక్క పల్లెలో ఆమెకు డెబ్బై నాలుగేళ్ళుగా పొద్దు గుట్ట వెనకనుంచే పొడుస్తోంది. "నీళ్ళలోనించి పొద్దు పుడతాదంట గదా నాయనా, ఒక్కతూరి సూడాల" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు. ఎలా పుట్టిందో వచ్చి చెబుతానని పక్కింటి చెంగమ్మకు మాట కూడా ఇచ్చింది. చెన్నైలో ఎక్కితే రెండు రాత్రుల ప్రయాణం. నడిసముద్రంలో తెల్లవారేది అందులో ఒక్కసారే. రెండో తెల్లవారికి ఓడ రేవులో ఉంటుంది, సూర్యుడు క్రేన్ల వెనక ఉంటాడు. అంటే చంద్రకాంతమ్మకు ఉన్నది ఒకే ఒక్క పొద్దు. అది తప్పిపోతే చెంగమ్మకు ఏం చెప్పాలి?

ఓడెక్కగానే అందరూ సముద్రం చూశారు. మునికృష్ణ కుర్చీలు చూశాడు. పై డెక్కు మీద, తూర్పు వైపు కమ్మీకి ఎదురుగా, ముప్ఫై పడక కుర్చీలు. ఆయనకు కావలసినవి మూడు: అమ్మకు, భార్య కోమలికి, తనకు. అందుకని ఏడింటి మీద తువ్వాళ్ళు పరిచాడు.

"మనం ముగ్గురమే గదండీ! ఏడెందుకు?" అంది కోమలి.

"మూడేస్తే ఒకటి మిగలతాది. ఏడేస్తే మూడు మిగలతాయి. నువ్వెప్పుడన్నా బస్సెక్కినావా?"

కానీ ఓడలో ఒక దుర్మార్గపు బోర్డు ఉంది. అరగంటకు మించి మనిషి లేని కుర్చీ మీద వస్తువులుంటే తీసేస్తారట! దాన్ని అమలు చేయడానికి రూపశ్రీ అనే అమ్మాయిని పెట్టారు. ముప్ఫయ్యొకటో నిమిషంలో ఆ పిల్ల ఏడు తువ్వాళ్ళూ మడతలు పెట్టి తెచ్చి, "సారీ సర్, రూల్" అని మునికృష్ణ చేతుల్లో పెట్టింది. పదహారేళ్ళ సర్వీసులో ఆ జాతికి అది మొదటి సస్పెన్షన్.

విచిత్రం ఏమిటంటే, పక్కనే ఆరు కుర్చీల జోలికి ఆమె వెళ్ళలేదు. వాటి మీద తువ్వాళ్ళు లేవు. కుర్చీకొక నిమ్మకాయ ఉంది.

ఆలోచించండి. సాయంకాలపు వెలుగు, ఖాళీ కుర్చీ, సరిగ్గా దాని నడిమధ్యన నిగనిగలాడే ఒక్క నిమ్మకాయ. మీరైతే కూర్చుంటారా? ఒక పెద్దాయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. ఒకావిడ ఇద్దరు పిల్లల్నీ చెరో చంకన వేసుకుని పరుగెత్తింది. రూపశ్రీ ఆ ఆరు కుర్చీల చుట్టూ, ఓడ అంచు వరకూ వెళ్ళి మరీ తిరిగి వచ్చింది.

నిమ్మకాయల యజమాని భానుచందర్, గూడూరులో నిమ్మకాయల వ్యాపారి.

"ఏందన్నా ఇది? ఎవరి మీద చేయించినావు?" అని గొంతు తగ్గించి అడిగాడు మునికృష్ణ.

"ఛఛ! ఓడలో వాంతులైతాయంటే వాసన సూసేదానికి తెచ్చుకున్యానబ్బా. ఊరికే ఆడ పెట్టినా. జనాలే బయపడతాండారు. దానికి నేనేం సేసేది?"

మునికృష్ణకు మనసులో ఏదో వెలిగింది. గూడూరు భయంతో కుర్చీలు ఆపుకుంటే, తిరుపతి భక్తితో ఆపుకోలేదా? గబగబా క్యాబిన్‌కు వెళ్ళి పెట్టె తెరిచాడు. తిరుపతి మనిషి ఏ ఊరు వెళ్ళినా, లడ్డు లేకుండా వచ్చాడని తెలిస్తే అక్కడివాళ్ళు మంచినీళ్ళు కూడా ఇవ్వరు కదా! రేవు ఊళ్ళో కోమలి చిన్నాన్న కోసం తెచ్చిన శ్రీవారి లడ్డు, కవరుతో సహా, నడిమి కుర్చీలో మడిచిన తువ్వాలు మీద కొలువుదీరింది. అటు మూడు, ఇటు మూడు కుర్చీల మీద మళ్ళీ తువ్వాళ్ళు.

రూపశ్రీ వచ్చింది. చూసింది. కళ్ళకద్దుకుంది. వెళ్ళిపోయింది.

భోజనాల వేళకు ఆ రహస్యం ఓడంతా పాకింది. ముప్ఫై కుర్చీలూ నిండాయి. ఒకరు విభూతి పొట్లం పెట్టారు. ఒకరు బీపీ మాత్రల అట్ట పెట్టారు, ప్రాణానికి సంబంధించింది కదా, ఎవరు తీస్తారు? ఒకావిడ ఏకంగా పళ్ళసెట్టు గ్లాసులో వేసి పెట్టి, ఆ రాత్రి సాంబారన్నం మెత్తగా పిసుక్కుని తిందట. త్యాగమంటే అది! కింద బఫే హాల్లో బల్లకు నాలుగు చెంచాలు కూర్చున్నాయి, మనుషులు ప్లేట్లు పట్టుకుని గోడలకు ఆనుకుని తిన్నారు. ఎంత ప్రశాంతత! ఎవరైనా కుర్చీ కోసం కొట్టుకున్నారా? కూర్చునేవాడు ఉంటేనే కదా కొట్లాట!

తెల్లవారుజామున అయిదింటికి మునికృష్ణ, కొత్త నేతచీర కట్టుకున్న తల్లిని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. మెట్ల దగ్గరే క్యూ ఎదురైంది. ఈతకొలను చుట్టూ తిరిగి, మలుపులో మాయమైంది. ముందేముందో కనపడదు.

మునికృష్ణ చటుక్కున వెళ్ళి దాని తోకలో నిలబడ్డాడు. తిరుపతిలో పెరిగినవాడు క్యూ కనిపిస్తే ముందు నిలబడతాడు. ఎందుకో నిదానంగా తెలుసుకుంటాడు.

"ఎందుకు నాయనా ఈ క్యూ?" అంది చంద్రకాంతమ్మ.

"పొద్దు సూసేదానికేమోమా. ఓడోళ్ళు పద్దతిగా పెట్టినారు."

"పొద్దుకు క్యూ ఏందిరా? ఆకాశంలో గదా వొచ్చేది!"

"ముందర మన కుర్చీలుండాయి గదా. ఇట్ల పోయి అట్ల కూర్చోడమే. రొంతసేపు తాళు."

పావుగంటైంది. క్యూ అంగుళం కదల్లేదు. "నాకు మోకాళ్ళు పీకతాండాయిరా. ఆ పెట్టి మింద కూర్చుంటా" అంది ఆమె. మెట్ల పక్కన, కమ్మీకి ఆనించి, రంగు పోయిన లైఫ్ జాకెట్ల పెట్టె ఒకటుంది. అది కుర్చీ కాదు కాబట్టి దాన్ని ఎవరూ ఆపుకోలేదు.

"పో. నీ ప్లేసు నేను సూసుకుంటా" అని మునికృష్ణ తన ముందు నేల మీద కర్చీఫ్ పరిచాడు. ఆ కర్చీఫ్‌ను ఎవరూ తొక్కలేదు. నాగరికత!

అయిదు నిమిషాలకు పెట్టె వైపు నుంచి కేక వచ్చింది. "మునీ, రారా! అంతా ఎర్రంగా అవతాండాది!"

"క్యూ వొదిలితే పోతాదిమా!"

"ఒరే, తల బయటబెట్టినాడురా!"

"రొంతసేపు అట్లే ఉండమనుమా! వొస్తాండా!"

"సగమొచ్చేసినాడు! బిన్నా రారా!"

మునికృష్ణ మునివేళ్ళ మీద లేచాడు, మెడ సాచాడు, కర్చీఫ్ దాటకుండా ఎంత వంగవచ్చో అంతా వంగాడు. ఆ ఉదయం ఆయనకు కనిపించిన గుండ్రటి వస్తువు ముందాయన బట్టతల ఒక్కటే. న్యాయం చెప్పాలంటే, అది కూడా కాసేపు ఎర్రబడింది.

అప్పటికి కోమలి జడ అల్లుకుంటూ పైకి వచ్చింది. ఆమెకు క్యూల మీద గౌరవం తక్కువ. తిన్నగా ముందుకు నడిచి వెళ్ళింది. క్యూకు మొదట భానుచందర్ ఉన్నాడు. కుడి అరచేతిని గుంట చేసి, ఎడమ చేయి దాని కింద పెట్టుకుని, కళ్ళు సగం మూసి నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా కుర్చీలో లడ్డు. అటూ ఇటూ ఖాళీ కుర్చీలు.

"ఏందన్నా, ఈడ నిలబడినారు?"

"ప్రసాదం పెట్టినారు గదమ్మా. పంచే ఆయప్ప ఇంకా రాలేదు. ముప్పావుగంట నించి సూస్తాండాం. ఎవరో ఏమో, రొంత గూడా బాధ్యత లేదు."

కోమలి లడ్డు కవరు చూసింది. దాని కింద టర్కీ తువ్వాలు చూసింది. తర్వాత మలుపు దాకా వెనక్కి నడిచి, క్యూ చిట్టచివర మెడ సాచి నిలబడిన మొగుణ్ణి చూసింది.

"ఏమండీ! అందరూ మీకోసరమే కాసుకోనుండారు! పంచేది మీరేనంట, రాండి!"

తొంభై మంది ఒకేసారి వెనక్కి తిరిగారు. ముందు బట్టతల, దాని వెనక కర్చీఫ్, దాని వెనక మునికృష్ణ. ఆయన ఆ తొంభై మంది పక్కనుంచీ నడిచి వెళ్ళేసరికి బారెడు పొద్దెక్కింది. ఒక్క లడ్డును తొంభై మందికి పంచడమంటే మాటలా? తలా ఒక పలుకు. మొదట కాస్త మొహమాటపడ్డాడు కానీ, పదోవాడి దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే అందుకుంది: "జరగండి, జరగండి!"

అంతా అయ్యాక తన కుర్చీలో తను కూర్చోబోయాడు. పెనంలా చురుక్కుమంది. లేచాడు. అయితేనేం! ఆ కుర్చీని ఎవరైనా ఎత్తుకుపోయారా? ఇంకెవరైనా కూర్చున్నారా? సముద్రం మీద సూర్యోదయాన్ని మొత్తం, మొదటి వరసలో, ముప్ఫై కుర్చీలూ కళ్ళారా చూశాయి!

"నువ్వన్నా సూసినావామా?" అని పెట్టె దగ్గరికి వచ్చి అడిగాడు.

"సూసినా నాయనా!" చంద్రకాంతమ్మ మొహం వెలిగిపోతోంది. "నీళ్ళు ఆయప్పను వొదిలితేనా! జీరంగి పురుగు మాదిరి రంగులు. రొంతసేపు అడుగు అతక్కోనుండాది, మళ్ళ టప్పుమని ఊడొచ్చేసినాడు. చెంగమ్మకు సెప్పేదానికి నెల దినాలు పడతాది. నువ్వేం సూసినావు?"

మునికృష్ణ ఆ సంగతి తర్వాత చెబుతానన్నాడు. "అంత బాగా కనపడిందా? ఈ పెట్టి మింద్నించేనా?"

"ఈడ్నించే. ఎవురూ అడ్డం రాలేదు."

మునికృష్ణ పెట్టెను పైనుంచి కిందికి చూశాడు. బస్సు వచ్చేటప్పుడు మూడో వరస కిటికీని చూస్తాడే, అదే చూపు.

సాయంత్రం చంద్రకాంతమ్మ గాలికి కూర్చుందామని ఒక్కతే పైకి వచ్చింది. కుర్చీలు మనుషులవి కావని ఆమెకు ఈపాటికి తెలుసు. పెట్టె దగ్గరికి వెళ్ళింది. పెట్టె నిండుగా టర్కీ తువ్వాలు పరిచి ఉంది. లడ్డు అయిపోయింది కాబట్టి, దాని నడిమధ్యన గూడూరు నిమ్మకాయ.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, మోకాళ్ళు పీకుతున్నా కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ఏందవ్వా ఇది?" అని ఎవరో అడిగారు.

"ఏమో నాయనా, తెలీదు. మనకెందుకొచ్చిన గొడవ, రొంత దూరంగా నిలబడు" అంది. అతను ఆమె వెనక నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఒక కుటుంబం.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, కుర్చీ ఎవరి కోసమో?

దీపాలు పెట్టే వేళకు మునికృష్ణ పైకి వచ్చాడు. అమ్మ కోసం ఓడలోకెల్లా మంచి చోటు ఆపి ఉంచానని, పిలిచి కూర్చోబెడదామని వచ్చాడు. మెట్ల దాకా ఇరవై రెండు మంది నిలబడి ఉన్నారు.

ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఇరవై మూడోవాడిగా నిలబడి, తన ముందు అమ్మ కోసం కర్చీఫ్ పరిచాడు.