ముసలితన నిర్మూలన పథకం

వచ్చే ఎన్నికల నాటికి జిల్లాలో ముసలితనాన్ని సమూలంగా నిర్మూలిస్తామని గంగాధరప్ప గారు హిందూపురంలో ప్రకటించారు. విలేకరులెవరూ ఉలిక్కిపడలేదు. పోయినేడు ఇదే హాల్లో కరువును నిర్మూలించినప్పుడు కూడా వాళ్ళు ఇట్లాగే రాసుకుని, టిఫిన్ తిని వెళ్ళిపోయారు.

గంగాధరప్ప గారు వయోవృద్ధుల దేహదారుఢ్య మిషన్‌కు జిల్లా చైర్మన్. ఆయన వయసూ డెబ్భైకి దగ్గరపడింది. దేహదారుఢ్యం గురించి వేరే చెప్పనక్కర్లేదు. వేదిక మీదికి ఆయన కంటే ముందు ఆయన పొట్ట వస్తుంది. ఆ పొట్ట ఊరికే వచ్చింది కాదు. పెళ్ళిళ్ళకూ, గృహప్రవేశాలకూ, దినాలకూ ఎవరు పిలిచినా కాదనకుండా వెళ్ళి, పెట్టింది వద్దనకుండా తిని, ఇన్నేళ్ళుగా కూడబెట్టుకున్న ప్రజాభిమానం అది.

ఇంకో గౌరవం కూడా ఆయనకు దక్కింది. ఆయన కుర్చీలోంచి తానుగా లేవరు. లేవబోతున్నట్టు కనపడగానే పీఏ తిరుపాల్ కుడి రెక్క పట్టుకుంటాడు, ఎవరో ఒక కార్యకర్త ఎడమ రెక్క పట్టుకుంటాడు. నాయకుణ్ణి ఆమాత్రం లేపకపోతే ఇక్కడ మర్యాదగా ఉండదు. కుడి రెక్క తిరుపాల్‌కు రాసిచ్చినట్టే కాబట్టి, పార్టీలో పోటీ అంతా ఎడమ రెక్క కోసమే. దాన్ని శ్రద్ధగా పట్టుకున్న ఒకాయన ఇప్పుడు మార్కెట్ యార్డులో డైరెక్టరు.

అయితే మొన్నొకరోజు, తిరుపాల్ లేని సమయంలో, మనవరాలు వచ్చి ఎత్తుకోమని చేతులు చాచింది. గంగాధరప్ప గారు సోఫాలోంచి లేవబోయారు. లేవలేకపోయారు. ఆ పిల్ల కాసేపు చూసి వాళ్ళ నాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయనకు నిజంగా భయమేసింది. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. చైర్మన్ పదవి గడువు దగ్గరపడింది. పొడిగింపు కావాలంటే నాయకుడు చురుగ్గా ఉండాలని అధిష్ఠానం కబురు పంపింది. అది చూసిపోవడానికి ధర్మవరం సభకు పరిశీలకుణ్ణి కూడా పంపుతోంది.

పథకం పెనుకొండ శిబిరంతో మొదలైంది. డాక్టర్ హరిణి ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. వయసు పెరిగేకొద్దీ కండ తరుగుతుందట. దానికి తోడు పొట్టలో చేరిన కొవ్వు గోడౌన్‌లో మూటలాగా ఊరికే పడి ఉండదట. హార్మోన్లు తయారుచేసి ఒళ్ళంతా పంపుతుందట. పొట్ట పెరిగితే లెప్టిన్ అనే హార్మోను అతిగా పెరిగి, చివరికి ఒళ్ళు దాని మాట వినడం మానేస్తుందట. మేలుచేసే అడిపోనెక్టిన్ మాత్రం తగ్గుతుందట. లోలోపల వాపు మొదలై కండ ఇంకా తొందరగా కరుగుతుందట. ఇందులో శాస్త్రవేత్తలు తేల్చాల్సింది ఇంకా చాలా ఉందని కూడా ఆమె చెప్పింది గానీ, ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

గంగాధరప్ప గారికి ఇంత సులువుగా అర్థమైన శాస్త్రం ఇంకొకటి లేదు. ఏ పనీ చేయకుండా నడుము చుట్టూ చేరి, అక్కడి నుంచే అందరికీ ఆర్డర్లు పంపుతూ, పనిచేసేవాణ్ణి ఎండబెట్టేవాళ్ళను ఆయన రాజకీయాల్లోకి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నారు. వాళ్ళలో కొందరు వేదిక మీద ఆయన పక్కనే కూర్చుని తలలూపుతున్నారు.

"ఆ మంచి హార్మోనుండాదే, దాన్ని మండలానికి ఎంత కేటాయిద్దామమ్మా?" అని అడిగారు.

"అది పైనుంచి మంజూరు చేసేది కాదు సార్. నడవాలి. బరువులెత్తాలి. పప్పు, గుడ్లు, గుగ్గిళ్ళు సరిగ్గా తినాలి. మీరు కూడా ఎవరూ పట్టుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చేసుకోండి."

"నేనే లేస్తే తిరుపాల్‌కు పనేముంటాదమ్మా?"

హాలంతా నవ్వింది. గంగాధరప్ప గారు కూడా నవ్వారు గానీ, ఆ నవ్వు లోపలిదాకా పోలేదు.

నడవాలని డాక్టరే చెప్పింది కాబట్టి పెనుకొండ నుంచి ధర్మవరానికి పాదయాత్ర పెట్టారు. ముసలివాళ్ళు నడిచారు. అంతమందిని ముందుండి నడిపించడం నడుస్తూ సాధ్యం కాదు కాబట్టి, చైర్మన్ గారు పైకప్పు లేని వ్యానులో కూర్చుని దారిపొడవునా చేతులూపారు. ధర్మవరం చేరేసరికి చెయ్యి నొప్పి పుట్టిందని, కండ పెరుగుతున్నట్టుందని అన్నారు.

ధర్మవరం సభలో పరిశీలకుడు ముందు వరసలో కూర్చున్నాడు. టీవీ కెమెరాలు వచ్చాయి. చేతులు ఎదమీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవమని హరిణి ముసలివాళ్ళకు పరీక్ష పెట్టింది. కొందరు చటుక్కున లేచారు, కొందరు మూలుగుతూ లేచారు. పరిశీలకుడికి ముచ్చటేసింది.

"ఇప్పుడు మన చైర్మన్ గారు" అన్నాడు.

తిరుపాల్ చెయ్యి అలవాటుగా కుడి రెక్క మీదికి వెళ్ళింది. పట్టుకోకూడదని హరిణి ఆపింది. గంగాధరప్ప గారు చేతులు కట్టుకున్నారు, ముందుకు వంగారు, మొహం ఎర్రబడింది. కుర్చీ కిర్రుమంది. ఆయన మాత్రం అక్కడే ఉన్నారు. అయిపోయింది, పొడిగింపు పోయిందనుకున్నారు.

తిరుపాల్ ఊరికే పీఏ కాలేదు. మైకు లాక్కున్నాడు.

"ముసిలోళ్ళకు కండ హక్కులు వచ్చేదాకా అన్న ఈడ్నుంచి లేసేది లేదు. ఇది ధర్నా."

చప్పట్లు మోగిపోయాయి. ముసలివాళ్ళకు రోజూ గుడ్డు, మండలానికో వ్యాయామశాల, ఊరికో డాక్టరు అని డిమాండ్లు అప్పటికప్పుడు పుట్టుకొచ్చాయి. ఆ పేరు చైర్మన్ ఒక్కడికే దక్కుతుందేమోనని ప్రతిపక్షం వాళ్ళు పరుగున వచ్చి పక్కన చాప పరుచుకున్నారు. టీవీలో ఉక్కు సంకల్పం అని వేశారు. గంగాధరప్ప గారికి చాలా రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది. ఇక తనను లేవమని అడిగేవాడు లేడు. కూర్చోవడంలో ఆయన్ను మించినవాడు జిల్లాలోనే లేడు.

సాయంత్రానికి పరిశీలకుడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. ఇట్లాంటి పట్టుదల తాను చూడలేదన్నాడు. ప్రభుత్వం డిమాండ్లన్నీ ఒప్పుకుందని, చైర్మన్ పదవి పొడిగింపు కూడా ఇక్కడే, ఆయన లేచి నిలబడిన మరుక్షణం ప్రకటిస్తానని చెప్పి, స్వయంగా నిమ్మరసం తాగించాడు. డప్పులు మోగాయి. తిరుపాల్, ఎడమ రెక్క కార్యకర్త ముందుకొచ్చారు. పరిశీలకుడు వాళ్ళిద్దరినీ మెల్లగా పక్కకు జరిపాడు. విజయం సాధించిన నాయకుడు ఒంటరిగా లేచి నిలబడడం రాష్ట్రమంతా చూడాలన్నాడు.

డప్పులు ఆగాయి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. గంగాధరప్ప గారు తన మోకాళ్ళ వైపు ఒకసారి చూసుకుని, తిరుపాల్‌ను దగ్గరికి పిలిచారు.

"ఇంకో డిమాండు రాయప్పా."

"ఏమని రాయాలన్నా?"

"వాళ్ళు ఎప్పటికీ ఇయ్యలేనిది చూసి రాయి."