న్యాయదేవతకు దుమ్ము పడదు

ఆసియా దేశాల చట్టాలనూ న్యాయ సంస్కరణలనూ పరిశోధించే మహదవకాశాన్ని నంద్యాలలోని ఒక లా కాలేజీ తన విద్యార్థులకు కల్పించింది. అవకాశం ఒక్కటే. ఎంపిక సంఘంలో మాత్రం తొమ్మిదిమంది పెద్దలు.

ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే లూదియా దరఖాస్తు పెట్టింది. ఆమె తండ్రి మత్తయి శిల్పాల షెడ్డులో గ్రైండరు పట్టి రాతికి రూపు తెస్తాడు. ఏడాదిగా నడిస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఏ దేశపు చట్టం ఏమిస్తుంది, మనది ఏమిస్తుంది అన్నది ఆమె ఎంచుకున్న విషయం. నాయనకు ఊపిరి ఉండగానే జవాబు దొరకాలన్నది ఆమె తొందర.

ప్రిన్సిపాలు గారు దరఖాస్తు చదివి జాలిపడ్డారు.

"ఇది ఆసియా స్థాయి పరిశోధనమ్మా. నువ్వేమో ఆళ్లగడ్డ అంటాండావు."

"ఆళ్లగడ్డ ఆసియాలోనే ఉంది సార్."

సంఘం ఈ వాదనను సావధానంగా పరిశీలించి, నిజమే గాని స్థాయికి తగదని తీర్మానించింది. విషయాన్ని కాస్త సవరించి, 'ఆసియాలో న్యాయదేవత కళ్లు: గంతల నుంచి విముక్తి' అని ఖరారు చేసింది. పరిశోధన నిధులతో కాలేజీ ముందు కళ్లు తెరిచిన న్యాయదేవతను నిలబెట్టాలనీ, బాధిత కుటుంబానికి నేరుగా మేలు జరిగేలా ఆ పని మత్తయికే ఇవ్వాలనీ నిర్ణయించింది. ఇంత సత్వర న్యాయం ఖండంలో మరెక్కడా లేదు.

మత్తయి మూతికి తడి తువ్వాలు చుట్టుకుని పనిలోకి దిగాడు.

"చాలు, ఇంగ మానుకో నాయనా. నీ దగ్గు వింటాంటే నాకు అన్నం దిగదు."

"కండ్లొకటే మిగిలినాయి పాపా. ఆయమ్మ కండ్లు తెరిస్తే ఫస్టు నన్నే చూస్తాది గదా" అని నవ్వబోయి దగ్గాడు.

విగ్రహం కాలేజీకి చేరింది, మత్తయి ఆస్పత్రికి చేరాడు. ఆవిష్కరించాల్సిన ప్రముఖుడికి తీరిక దొరకలేదు గనక దేవత ముఖానికి పట్టుగుడ్డ కట్టి ఉంచారు.

లూదియా ప్రిన్సిపాలు గారి దగ్గరికి వెళ్లింది. "మా నాయన ఆక్సిజను మీద ఉండాడు సార్. ఈ విగ్రహం ఆయనే చెక్కినాడని ఒక ముక్క రాసిస్తే పరిహారానికి కేసు వేసుకుంటాం."

"ఆవిష్కరణకు ముందే వివాదమా? దేవతను కళ్లు తెరవనీమ్మా, తర్వాత చూద్దాం."

"అయితే ఆ గుడ్డన్నా విప్పండి సార్."

ప్రిన్సిపాలు గారు ఉలిక్కిపడ్డారు. "రోడ్డు పక్కనే ఉందే! దుమ్ము ఎంత ప్రమాదమో నీకు తెలీదు."

సంఘం అత్యవసరంగా సమావేశమై, లూదియా మొదటి దరఖాస్తులోని దుమ్ము వివరాలను ఆధారంగా చూపి, గుడ్డ మీద ఇంకో గుడ్డ మంజూరు చేసింది.

ఆ దారిన పోయే మనమందరం బండి ఆపి దేవతకు దణ్ణం పెట్టుకుంటున్నాం. దుమ్ము ఎక్కువ గనక, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకోవడం మాత్రం మరిచిపోవడం లేదు.