ఏలికపాము అమ్మమ్మ ఊరు

మన అటవీశాఖ మంత్రిగారు మొన్న దేశాన్ని పెద్ద గండం నుంచి కాపాడారు. సరిహద్దు ఏటి పక్క కొండ మీది నక్కల కడుపులో పొరుగుదేశపు ఏలికపాములు పాగా వేశాయనీ, ఆ నక్కలన్నిటినీ కాల్చేసి కొండను శుభ్రం చేస్తామనీ ప్రకటించారు. శుభ్రమైన కొండ మీద వారి బావమరిది రిసార్టు కట్టుకుంటాడన్నది వేరే విషయం. దీనికీ దానికీ సంబంధం లేదని ఆ ప్రకటనలోనే ఉంది. నాకెలా తెలుసంటే, రాసింది నేనే. ఆ శాఖలో పత్రికా ప్రకటనలు రాసే భాగ్యం నాది.

మంత్రిగారిని అందరూ చినబాబుగారంటారు. అరవై దాటినా ఆ పేరు పోలేదు. పెదబాబుగారు, అంటే వారి నాన్నగారు, చాంబరు గోడ మీది ఫొటోలోంచి ఇంకా చూస్తూనే ఉన్నారు. నియోజకవర్గం, కుర్చీ, మీసం, మూడూ చినబాబుగారికి అక్కణ్ణుంచే సంక్రమించాయి.

ఇంత మంచి పనికీ ఒక మనిషి అడ్డొచ్చింది. శాఖ ల్యాబులో పనిచేసే డాక్టరమ్మ. ఏళ్ల తరబడి ఆ నక్కల వెంట తిరిగి, వాటి పెంట ఏరుకొచ్చి పరీక్షలు చేసిన మనిషి. ఏ బొరియలో ఏ తల్లి ఈనిందో కూడా ఆవిడకి తెలుసు. ప్రకటన చదివి తిన్నగా చాంబరుకొచ్చింది. ఆవిడ మొహం చూసి నాకే జాలేసింది.

"సార్, ఆ పురుగులు పరాయివని ఎవరు చెప్పారండీ?"

"చూస్తే తెలియట్లా?"

"తెలియదండి. ఏలికపాములన్నీ చూపుకి ఒకేలా ఉంటాయి, తెల్లదారాల్లాగా."

"ఆగండాగండి. ఏలిక అంటే పాలకుడు కదూ? ఇంతకీ అదేం చేస్తుందేమిటి?"

"ఏమీ చెయ్యదండి. లోపల కూర్చుని వచ్చిందంతా తింటుంది."

"అలాంటిదానికి ఏలిక అని పేరా!" మంత్రిగారు నిజంగానే నొచ్చుకున్నారు. నా వైపు తిరిగి, "మార్చవయ్యా" అన్నారు. మార్చాను. అప్పట్నుంచి మా శాఖ కాగితాల్లో అది సేవకపాము.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. కణంలో మైటోకాండ్రియా అని ఒకటుంటుందట. దానికి సొంత డీఎన్ఏ ఉంటుందట. నక్క పెంటలో దొరికిన పురుగు గుడ్డులోంచి దాన్ని తీసి చదివితే, అది ఏ జాతి పురుగో, దాని చుట్టాలు ఎక్కడెక్కడున్నారో తెలుస్తుందట.

"అది తల్లి నుంచే వస్తుందండి. తల్లికి వాళ్లమ్మ నుంచి. అలా పైకి పోవడమే."

"మరి నాన్న వాటా?"

"ఇందులో ఏమీ ఉండదండి."

మంత్రిగారు గోడ మీది ఫొటోకేసి చూశారు. అంతలో మొహం వెలిగిపోయింది.

"అంటే అమ్మమ్మ ఊరు పట్టేస్తుందన్నమాట! చెయ్యండి టెస్టు. అవతల ఒడ్డుదని తేలిన వెంటనే కాల్చేద్దాం."

"ఇవతలదని తేలితేనండీ?"

"తేలదు."

పెంట సేకరణ ఘనంగా జరిగింది. కొండ కింద దొరికిన మొదటి పెంటకి చుట్టూ రిబ్బను కట్టి మంత్రిగారి చేత కత్తిరింపజేశారు. పెంట సరిగ్గా పడలేదని ఫొటోగ్రాఫరు ఇంకోసారి కత్తిరించమన్నాడు. వారు విసుక్కోలేదు, ముక్కు కూడా మూసుకోలేదు. పెద్ద మనసంటే అది.

ఫలితం పట్టుకుని డాక్టరమ్మ మళ్లీ వచ్చింది.

"ఏటికి అటూ ఇటూ ఒకటే వంశమండి. సరిహద్దు గీత గీయకముందు నుంచీ రెండు ఒడ్డుల మీదా ఉన్నాయి."

"అవన్నీ ఎందుకు? అమ్మమ్మ అవతల ఉందా లేదా?"

"ఉందండి, కానీ..."

"చాలు."

నక్కల పని అయిపోయినట్టే. కాల్పుల రోజునే ఊళ్లో ఒక సభ కూడా ఖాయం చేశారు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. లేచి, తలుపు దాకా వెళ్లి ఆగింది.

"సార్, తల్లి గొప్పతనం మీద సభ పెడుతున్నారు. మీ అమ్మగారిని పిలవరా?"

"అరెరె, నాకు తట్టనే లేదు!" అన్నారు మంత్రిగారు. కారు నేనే పంపించాను.

సభ కిటకిటలాడింది. అక్కడ కొండ మీద తుపాకులవాళ్లు జీపుల్లో కూర్చుని ఫోను కోసం ఎదురుచూస్తున్నారు. ఇక్కడ మంత్రిగారు మైకు అందుకున్నారు.

"తల్లి ఎక్కడిదో బిడ్డ అక్కడిదే! ఇది నా మాట కాదు, సైన్సు మాట! అమ్మమ్మ ఊరు ఏటికి అవతల ఉన్న ఏ ప్రాణికీ, నక్క కడుపులో ఉన్నా, నగరంలో ఉన్నా, ఈ గడ్డ మీద చోటు లేదు!"

చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో ఉన్న అమ్మగారి దగ్గరికి ఒక విలేకరి మైకు పట్టుకెళ్లి, అబ్బాయిగారి గురించి రెండు మాటలు చెప్పమన్నాడు.

"ఏం చెప్పను నాయనా! చిన్నప్పట్నుంచీ వీడికి అమ్మమ్మ ఊరంటే ప్రాణం. బడికి సెలవిస్తే చాలు, పడవెక్కి ఏరు దాటేసేవాడు. పుట్టిందీ అక్కడే." ఆవిడ వేదిక వైపు తిరిగింది. "ఏరా చినబాబూ, ఇంత మాట్లాడావు, మా పుట్టింటివాళ్లని కూడా పిలవకపోయావేమిట్రా?"

మంత్రిగారు మంచినీళ్లు తాగారు. పక్కనున్న అధికారి చెవిలో ఏదో అన్నారు. కొండ మీద జీపులు వెనక్కి తిరిగాయి.

ఆ సాయంత్రం నా చేత సవరణ రాయించారు. సేవకపాముల వంశాన్ని ఇకపై తండ్రి వైపు నుంచే లెక్కించాలి. ఆ లెక్క తేలేదాకా కాల్పులు వాయిదా.

"తండ్రి నుంచి అది రాదండీ" అంది డాక్టరమ్మ.

"రాకపోవడమేమిటి? జీవో ఇస్తాం, అదే వస్తుంది."

"అలాగేనండి. కాస్త టైం పడుతుంది."

"ఎంత?"

"నక్కలు బతికున్నంత కాలం పట్టొచ్చు."

"తీసుకోండి." ఆవిడ తలుపు దాటబోతుంటే వెనక్కి పిలిచారు. "ఈ టెస్టు మనుషులకి కూడా చేస్తారా?"

"చేస్తారండి."

"ఎవరైనా అడిగితే చెయ్యరని చెప్పండి."

ఇప్పుడు కొండ దగ్గర ఒక బోర్డుంది: 'ఇచ్చటి నక్కల కడుపులోని సేవకపాములన్నియు తండ్రి వైపు నుండి స్వదేశీయములు.' మంత్రిగారే స్వయంగా వచ్చి ఆవిష్కరించారు. ఈసారి అమ్మగారికి కారు పంపలేదు.