ఇంకా పుట్టని ఖైరున్నీసా

ఖైరున్నీసా పుట్టడానికి ఇంకా అరవై ఏళ్ళ వ్యవధి ఉందని 1957 ఏప్రిల్‌లో అధికారికంగా తేలింది. ఆ సంగతి తెలియజేస్తూ ఒంగోలు విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన రిజిస్టరు కవరును ఆ అమ్మాయే సంతకం చేసి తీసుకుంది.

ఆమె మిరప రైతు గౌస్ బాషా పెద్దకూతురు. ఎస్సెల్సీ ప్యాసై, టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టింది. సీటు రాకపోతే వచ్చే నెలలోనే పెళ్ళని తండ్రి ముందే చెప్పేశాడు. పుట్టిన సంవత్సరం 1939 అని నిజం రాయడమే ఆమె చేసిన పొరపాటు. మార్చి ఇరవై రెండు నుంచి దేశానికి కొత్త జాతీయ పంచాంగం వచ్చింది. దాని ప్రకారం ఆ ఏడు శక సంవత్సరం 1879. వయసు కట్టడానికి ఆఫీసు గుమాస్తా నిష్పక్షపాతంగా 1879లోంచి 1939 తీసేశాడు.

తండ్రీకూతుళ్ళు బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళారు. సూపరింటెండెంటు చెంచయ్యగారు చరిత్ర చదివినవారు. కనుక లేచి నిలబడే మాట్లాడారు.

"చూడమ్మా! అక్బరు పాదుషా పంటల కోసం ఫసలీ సంవత్సరం పెట్టాడు. మీవాళ్ళు నెలవంకను చూసి నెల మొదలెడతారు. మావాళ్ళకి అరవై ఏళ్ళకోసారి పాత పేర్లే తిరిగొస్తాయి. రోములో పోపుగారు ఒక్క దెబ్బతో పది రోజులు కొట్టేశారు. ఎవరన్నా చచ్చారా? దేశం కోసం నువ్వో అరవై ఏళ్ళు ఆగలేవూ?"

"మరి ఇక్కడ నిలబడిందెవరండీ?" అన్నాడు గౌస్ బాషా.

"అది మా శాఖ పరిధిలోకి రాదు."

ఖైరున్నీసా ముందుకు జరిగింది. తనే అడిగింది. "సార్, తమరెప్పుడు పుట్టారండి?"

"1902. వచ్చే నెల రిటైరవుతున్నా."

"అయితే తమరు పుట్టడానికీ ఇంకా ఇరవై మూడేళ్ళుందండి. పుట్టనివాళ్ళ సంతకం చెల్లుద్దాండీ?"

చెంచయ్యగారు కాగితం తీసుకుని మూడుసార్లు లెక్క వేశారు. ముఖం వెలిగిపోయింది. పుట్టనివాణ్ణి రిటైరు చేయడం నిబంధనలకు విరుద్ధమని ఆ పూటే పైకి రాశారు.

పైవారు రెండు కాగితాలనూ లోతుగా పరిశీలించి, ఒకే సూత్రాన్ని సమానంగా వర్తింపజేశారు. ఆయనకు సర్వీసు పొడిగించారు. ఆమె దరఖాస్తు తోసిపుచ్చారు.

ఖైరున్నీసా రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు గౌస్ బాషా ఆ కవరు చేతపట్టుకుని పెళ్ళివారింటికి వెళ్ళాడు. "మా పిల్ల ఇంకా పుట్టలేదంటండీ. సర్కారోళ్ళే రాసిచ్చారు. పుట్టాక మాట్లాడుకుందాం," అని చెప్పి వచ్చాడు.

మరుసటి ఏడు ఇంగ్లీషు తేదీ కూడా వేయాలని సవరణ వచ్చింది. ఖైరున్నీసా ఎట్టకేలకు పుట్టి, అదే రోజున పంతొమ్మిదేళ్ళదై, గుంటూరులో ట్రైనింగుకు చేరింది.

ఆ తీసివేతలో తప్పెక్కడుందో మీకు వెంటనే తెలిసిపోయింది కదూ! ఆ ఆఫీసులో పదకొండుమందికీ తెలుసు. అందరూ మీలాగే చదువుకున్నవాళ్ళు. మీలాగే నవ్వుకుని, ఊరుకున్నారు.