ల్యాబుకు తాళమే రక్ష

సైన్సుకు అసలు శత్రువు ప్రయోగం! ఈ మాట ఊరికే అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా బయాలజీ చెబుతున్నవాణ్ణి, ఒక్క ప్రయోగమూ చేయించకుండా నూటికి నూరు శాతం రిజల్టు తెచ్చినవాణ్ణి. నా మాట మీరు నమ్మాలి.

మా స్కూలు ల్యాబుకు తాళం పడి తొమ్మిదేళ్లయింది. తాళంచెవి ఎక్కడుందో హెడ్మాస్టరుగారికే తెలియదు. నష్టమేముంది? బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ వేస్తే నల్లబడుతుందని ప్రతి రికార్డులోనూ ఉంది. పై క్లాసువాళ్ల రికార్డు చూసి కింది క్లాసువాళ్లు రాస్తారు. తొమ్మిదేళ్లలో ఒక్క దుంప కూడా మాకు ఎదురు తిరగలేదు. ఇంత కచ్చితత్వం ఏ దేశపు సైంటిస్టుకు దక్కిందండీ?

ఇక నిర్వచనాలు! ప్రొటీన్, లిపిడ్, ఎంజైమ్ అనడమే ఆలస్యం, మా పిల్లలు ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతారు. మధ్యాహ్న భోజనం దగ్గర ప్రొటీన్ ఎందులో ఉంటుందని అడిగితే మాత్రం, ముద్దపప్పు కలుపుతున్న చెయ్యి ఆపి, నలభై రెండో పేజీలో ఉంటుంది సార్ అంటారు. పేజీ నంబరుతో సహా చెప్పాక ఇంకేం కావాలి?

చదువు లేనివాళ్లకు ఈ భాగ్యం ఎక్కడిది? నల్లపాడులో మా చేను పక్క చేను చెంచమ్మది. ఆవిడ కూతురు తేజశ్రీ నా దగ్గరే తొమ్మిదో తరగతి. ఈ ఏడు మిరపకు తామర పురుగు తగిలి ఆకులన్నీ ముడుచుకుపోయాయి. చెంచమ్మకు ఉన్నది ఆ ఎకరమే. అది పోతే ఏడాదంతా కూలికి పోవాల్సిందే. పురుగుమందుల షాపువాడు ఇద్దరికీ ఒక కొత్త మందు అంటగట్టాడు. సీసా మీద అమైనో ఆమ్లాలు, ఎంజైములు అని ఉంది. అన్నీ నాకు కంఠతా వచ్చిన మాటలే! ధైర్యంగా కొట్టమన్నాను. నేనూ చేనంతా తడిపేశాను.

ఆవిడ మాత్రం మధ్యలో రెండు సాళ్లు కొట్టకుండా వదిలేసింది. సగం పనులు చేయొద్దని మందలించాను. కొత్త మందు ఏదైనా వాళ్ల అమ్మ కాలం నుంచీ అలాగే వదులుతారట. మూఢనమ్మకం కాకపోతే ఏమిటి?

పది రోజులకు గట్టు మీద నన్ను ఆపింది. "కొట్టిన సాలూ, కొట్టని సాలూ ఒక్కలాగే ఉన్నాయి సారూ. ఈ మందులో పస లేదు."

ఆవిడ మందు మార్చింది. మళ్లీ రెండు సాళ్లు వదిలింది. ఈసారి ఆ రెండూ తప్ప చేనంతా చిగురేసింది. నేను సీసా మీది మాటలకు గౌరవమిచ్చి పాత మందే రెండోసారి పట్టించాను. మా మిరప ఇంకా ముడుచుకునే ఉంది.

మొన్న పరీక్షలో కంట్రోల్ గ్రూప్ అంటే ఏమిటని అడిగాను. క్లాసంతా గైడులో ఉన్నది ఉన్నట్టు దించింది. తేజశ్రీ ఒక్కతే, "మా అమ్మ మందు కొట్టకుండా వదిలే రెండు సాళ్లు. అవి లేకపోతే మందు పనిచేసిందో లేదో తెలియదు" అని రాసింది.

గైడులో అలా లేదు. సున్నా వేశాను.

పేపర్లు దిద్దడం అయ్యాక, మా చేనుకు ఇప్పుడేం కొట్టాలో అడుగుదామని చెంచమ్మ దగ్గరికే వెళ్లాను. ఆవిడ మందు పేరు చెప్పింది.

"రెండు సాళ్లు వదిలేసి కొట్టండి సారూ. ఎందుకో మా తేజశ్రీని అడగండి, చెప్పుద్ది."