మంత్రిగారి తెరమీద హన్‌బోక్

ఆన్‌లైన్ తన్నులాటల్లో కొరియా జాతి ఇక సిగ్గుతో తలదించుకోనక్కర్లేదని సంస్కృతి శాఖ మంత్రి ప్యో గ్వాంగ్‌సొప్ ప్రకటించారు. 'పిడుగుల పోటీ' అనే ఆటలో యోధులంతా ఎర్ర చెడ్డీలతో కలియబడటం ఆయన కంటబడింది. వారంలోగా అందరికీ కొరియా సంప్రదాయ దుస్తులైన హన్‌బోక్ తొడగాలని ఉత్తర్వు వేశారు.

అమలు భారం సెక్షన్ ఆఫీసర్ ఓక్ సెరిన్ నెత్తిన పడింది. ఆమె ఆట కంపెనీకి పరుగెత్తింది.

"అంత పొడుగు చేతుల చొక్కా తొడిగితే తన్ను ఎటునుంచి వస్తుందో కనబడదు మేడమ్. ఆడేవాళ్లు మమ్మల్ని తంతారు," అన్నాడు ఇంజినీరు. "సెట్టింగుల్లో ఓ మీట పెడతాం. నొక్కినవాళ్లకి అందరూ హన్‌బోక్‌లో కనబడతారు. నొక్కనివాళ్లకి ఎప్పటి చెడ్డీలే."

"ఎవరు నొక్కుతారయ్యా?"

"మీరు నొక్కండి."

సెరిన్ మంత్రిగారి ఆఫీసులో అన్ని కంప్యూటర్లలోనూ నొక్కించింది. మంత్రిగారు తెర చూశారు. పట్టు చొక్కాలు, జరీ అంచులు! ఒక రాక్షసుడైతే నల్ల టోపీ కూడా పెట్టుకుని, ఎంతో మర్యాదగా ఎదుటివాడి గొంతు పిసుకుతున్నాడు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

"వారంలో జాతి మొత్తం మారిపోయిందమ్మా!"

"అవునండీ," అంది సెరిన్, మీట మాట ఎత్తకుండా.

విజయం తలకెక్కి, మంత్రిగారు తానే బరిలోకి దిగుతానన్నారు. బూసాన్‌లో వేదిక కట్టారు. ప్రత్యర్థి మేంగ్ గుమ్‌రే, చేప వడల కొట్టు నడిపే అరవై మూడేళ్ల ఆవిడ, ఆ ఊరి ఛాంపియన్. మంత్రిగారి ముందు ఆయన ఆఫీసు కంప్యూటరే పెట్టారు గానీ, వెనకున్న పెద్ద తెరకు ఆవిడ కంప్యూటర్ తగిలించారు.

మంత్రిగారు తన యోధుడికి బంగారు డ్రాగన్ల రాజ అంగీ తొడిగి మొదటి రౌండు ఆడారు. జనం గొల్లున నవ్వారు. ఆనందం పట్టలేకపోతున్నారనుకుని ఆయన లేచి వంగి నమస్కరించారు.

"నా అంగీ ఎలా ఉందమ్మా?" అని గుమ్‌రేను అడిగారు.

"అంగీ ఎక్కడుంది నాయనా? ఇందాకట్నుంచీ చెడ్డీమీదే తన్నులు తింటున్నారు. వెనక్కి చూసుకోండి."

చూసుకున్నారు. "సెరిన్!"

సెరిన్ ఉద్యోగానికి నీళ్లొదులుకుంది. "మీట నొక్కినవాళ్లకే హన్‌బోక్ కనబడుతుందండీ. దేశం మొత్తంలో మన ఆఫీసు తప్ప ఎవరూ నొక్కలేదు."

మంత్రిగారు మైకు అందుకున్నారు.

"మన ఆఫీసులో ఎంతమంది నొక్కారు?"

"అందరూనండీ."

"నూటికి నూరు శాతం! మొదటి దశ దిగ్విజయంగా పూర్తయింది."

విలేకరులు గబగబా రాసుకున్నారు. గుమ్‌రే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కూర్చోండి నాయనా, రెండో రౌండు మిగిలే ఉంది."