జాడీలో సాక్ష్యం, మంచులో అడుగులు

"నేరస్థులారా, వణకండి! మెర్ల్ స్కోగ్‌స్టాడ్ మేధస్సు నిద్ర లేచింది!"

కాఫీ హోటల్లో కుర్చీ ఎక్కి మా మెర్ల్ గాడు చేసిన ప్రకటన ఇది. అమెరికా ఉత్తరపు కొసన నార్త్ డకోటాలో జనవరి నెల. నేరస్థుల మాట దేవుడెరుగు, పాస్టరు గారితో సహా ఊరంతా అప్పటికే వణుకుతోంది. ముప్ఫై ఏళ్ళు బూట్లు అమ్ముకుని రిటైరైనవాడు డిటెక్టివ్ ఎలా అయ్యాడంటే, ఎవరూ వద్దనలేదు గనక. వద్దనని వెధవల్లో మొదటివాణ్ణి నేను. పేరు హార్లన్. ఏ జన్మ పాపమో, వాడి స్నేహితుణ్ణి.

"కేసేమిటిరా?" అన్నాను.

"ఆయిలు దొంగతనం. ఆర్డిస్ గారి కారులో!"

నా కాఫీ ఒలికింది. ఆర్డిస్ గారు మా ఎదురింటావిడ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడతో ఒక్క మాట చెప్పాలని మూడు చలికాలాలుగా అనుకుంటున్నాను. అదేం మాటో ఊరందరికీ తెలుసు, ఆవిడకి తప్ప. తన పాత నీలం కారులో గేరు ఆయిలు సరిగా ఉందో లేదో చూడమని ఆవిడ మెర్ల్‌ని అడిగిందట. నన్నడగొచ్చు. కానీ నాకు కార్ల సంగతి పెట్రోలు పోయడం వరకే తెలుసు. పైగా ఆవిడ ఎదుట నాకు నోరు పెగలదు.

మెర్ల్ గొంతు తగ్గించాడు. "విను. పొద్దున్న ఇంటి దగ్గర కారు ఆగి ఉన్నప్పుడు డిప్‌స్టిక్కు, అదే ఆయిలు కొలిచే పుల్ల, తీసి చూశా. ఎర్రటి ఆయిలు గీత దాటి పైకుంది. తర్వాత కిరాణా కొట్టు ముందు చూశా. ఈ చలికి ఇంజన్ ఎవడు ఆపుతాడు, అది నడుస్తూనే ఉంది. ఆయిలు గీతకి కింద! మర్నాడు పొద్దున్న మళ్ళీ పైన! అంటే ఏమిటి?"

"నీకు చూడ్డం రాదని."

"మూర్ఖుడా! పగలు మంచి ఆయిలు తోడేసి, చీకటి పడ్డాక చెత్త ఆయిలు పోస్తున్నారు. అంతర్జాతీయ ముఠా!"

"చెంబుడు ఆయిలు కోసమా?"

"అదే వాళ్ళ తెలివి! రోజూ పొద్దున్నే రహస్యంగా సాక్ష్యం సేకరిస్తున్నాను. ఏమిటని మాత్రం అడక్కు."

"అడగలేదుగా."

అడిగి ఉండాల్సింది.

రెండు వారాలు తిరక్కుండా ఆ కారుకి నిజంగానే జబ్బు చేసింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ గేరు పట్టదు, బండి కదలదు. ఆర్డిస్ గారు నన్ను రోడ్డు మీదే ఆపారు.

"ఇంక చాలు హార్లన్ గారూ. కారు పోయింది. ఎవడో నామీద పగబట్టాడంటాడు మీ మెర్ల్. ఇల్లు అమ్మేసి అరిజోనాలో మా చెల్లెలి దగ్గరికి పోతాను."

గుండె జారి బూట్లలో పడింది. వెళ్ళొద్దు అనాలి. చిన్న మాటే కదా!

"అక్కడ ఎండలెక్కువండీ," అన్నాను.

ఛీ, నా బతుకు.

ఆదివారం చర్చి నేలమాళిగలో భోజనాలు. నేను రెండో ప్లేటులో ఉండగా మెర్ల్ ఒక చేత్తో జామ్ జాడీ, మరో చేత్తో ఫోటోల కట్ట పట్టుకుని లేచాడు.

"దొంగ ఈ గదిలోనే ఉన్నాడు! ఈ ఫోటోలు చూడండి. రోజూ చీకటి పడే వేళకి మంచులో అడుగులు. హార్లన్ ఇంటి నుంచి ఆర్డిస్ గారి కారు దాకా! కారు ముందు మోకాళ్ళ గుర్తులు కూడా! ఆ బూట్లు ఎవరివో నాకు తెలీదా? నేనే అమ్మాను!"

గదంతా నావైపు తిరిగింది. వాళ్ళని పట్టించుకునేవాణ్ణి కాదు. ఆర్డిస్ గారు కూడా తిరిగారు.

"వైరు..." అన్నాను.

"తడబడుతున్నాడు, రాసుకోండి!"

"కారు హీటరు వైరండీ. ఇంజన్ గడ్డకట్టకుండా ప్లగ్గులో పెట్టాలి కదా. మీరు మరిచిపోతుంటారు. అందుకని నేనే వచ్చి..."

"కట్టుకథ!" అని గర్జించాడు మెర్ల్. "ఆ కారు నేనే తాడు కట్టి ఇక్కడికి ఈడ్చుకొచ్చాను. పదండి, రాత్రి వీడు పోసిన చెత్త ఆయిలు గీత దాటి ఉండకపోతే నా పేరు మార్చుకుంటా!"

అందరం కోట్లు తగిలించుకుని బయటికొచ్చాం. కారు గుర్రుగుర్రుమంటోంది. మహా మేధావి చలికని ఇంజన్ వేసి, తాళంచెవి తియ్యడం మరిచి, వచ్చినప్పటి నుంచీ ఆపనేలేదు. డిప్‌స్టిక్కు లాగాడు. దాని చివర ఎర్ర చుక్క అంటీ అంటనట్టుంది.

"ఇక్కడ కూడా తోడేశాడు!"

"నా పక్కన కూర్చుని రెండు ప్లేట్లు లాగించాడయ్యా, ఎప్పుడు తోడాడు?" అన్నారు పాస్టరు గారు.

"ఉండండి, ఈ ఇంజన్ గోలలో బుర్ర పనిచెయ్యట్లేదు." మెర్ల్ ఇంజన్ ఆపి, వేలిముద్రల మీద ఉపన్యాసం అందుకున్నాడు. మా ముక్కులు మొద్దుబారేదాకా వదల్లేదు. చివరికి పుల్ల తుడిచి మళ్ళీ ముంచి తీశాడు.

ఆయిలు పైకెక్కి ఉంది. కారు దగ్గరికి ఒక్కరూ పోలేదు.

ఆర్డిస్ గారు పుల్ల అందుకుని చూశారు. "అంటే ఇంజన్ నడిస్తే ఆయిలు లోపలికెళ్ళి తిరుగుతుంది. ఆపితే కిందికి దిగి పుల్లకి అంటుతుంది. బండి వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా చూడాలన్నమాట. మరి నిజంగా తగ్గిందెందుకూ?" ఆవిడ చూపు జాడీ మీద పడింది. "మెర్ల్, అందులో ఏమిటి?"

"సాక్ష్యం. రోజూ పొద్దున్నే కాస్త కాస్త తోడి..."

"ఇలాంటివి ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయి?"

"షెల్ఫు నిండింది." వాడి నోరు తెరుచుకుపోయింది. "అంటే దొంగ... నేనే! చెప్పానా, దొంగని పట్టి తీరతానని!"

కంచే చేను మేసి, మేసినందుకు శాలువా కప్పమంది. పాస్టరు గారు వాణ్ణి మెడబట్టి కొత్త ఆయిలు కొనడానికి తీసుకెళ్ళారు. తర్వాత ఇంజన్ నడుపుతూ కొద్దికొద్దిగా పోస్తే గేరు బుద్ధిగా పట్టింది. కానీ అదంతా నేను చూడలేదు. ఫోటోలు చేతిలో పట్టుకుని ఆర్డిస్ గారు నా ఎదుట నిలబడి ఉన్నారు.

"ఇన్నాళ్ళూ ప్లగ్గు నేనే పెడుతున్నాననుకున్నా. ఈ ఫోటోలో అడుగులు మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ఎందుకని?"

"చలి..."

"చలేస్తే లోపలికొస్తారు గానీ వెనక్కి పోతారా?"

"ధైర్యం చాల్లేదండీ." ఇంక ఎలాగైతే అలాగవుతుందని అనేశాను. "అరిజోనా వెళ్ళకండి."

ఆవిడ ఫోటోలు కోటు జేబులో పెట్టుకుంది. "రేపు వైరు పెట్టి, తిన్నగా లోపలికి రా. కాఫీ పెడతాను," అంది.

మర్నాడు వెళ్ళాను. రెండో కప్పు తాగుతుంటే వాకిట్లో ఎవరో మసిలినట్టయింది. కొత్త మంచులో మెర్ల్ మోకాళ్ళ మీద పాకుతున్నాడు, చేతిలో భూతద్దం. గుమ్మం దాకా పాకి, చటుక్కున లేచి, వీధిలోకి పరిగెత్తాడు.

"హార్లన్ అడుగులు లోపలికి పోయాయి! బయటికి రాలేదు! హత్య! హత్య!"

"తలుపు తీసి చెబుదామా?" అన్నాను.

"వద్దులే," అని ఆర్డిస్ లేచి తెర లాగేసింది.